రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్ ప్లగిన్ రివ్యూ: విశాఖ ఆన్‌లైన్ దుకాణాలకు ఎంతవరకు పనికొస్తుంది

ఏటికొప్పాక లక్క బొమ్మలైనా, అరకు కాఫీ పొడైనా, మాడుగుల హల్వా అయినా, విశాఖ నుంచి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే చిన్న దుకాణానికి చేతికందే దారి సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్, దాని మీద దుకాణం నడిపే వూకామర్స్ ప్లగిన్. ఈ సైట్ల గురించి దుకాణదారుల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: ‘‘హోం పేజీ టక్కున వస్తోందండీ, కార్ట్‌లోకి వెళ్తేనే చక్రం తిరుగుతూ కూర్చుంటోంది. మేం ఆర్డర్ల లిస్టు తెరిస్తే ఇంకా ఆలస్యం.’’ సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే పర్సిస్టెంట్ ఆబ్జెక్ట్ క్యాష్ ఉంది, అంటే డేటాబేస్ నుంచి ఒకసారి తెచ్చినదాన్ని తర్వాతి పేజీలకీ దాచి ఉంచే ఏర్పాటు. వర్డ్‌ప్రెస్‌లో దాన్ని పెట్టుకోవడానికి ఉచితంగా దొరికేవాటిలో మాకు బాగా నచ్చింది టిల్ క్రూస్ రాసిన ‘రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్’ ప్లగిన్. ఈ రివ్యూ దాని గురించే.

ముందు తీర్పు చెప్పేస్తాం. సొంత వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) ఉండి, లాగిన్ అయ్యే కస్టమర్లో విద్యార్థులో రోజూ వచ్చే సైటు మీదైతే వెంటనే వేసుకోండి. ఆర్‌కే బీచ్ రోడ్డులోని ఒక హోటల్‌కి చేసిన ఐదు పేజీల సైటు లాంటిదైతే అసలు అక్కర్లేదు, మామూలు పేజీ క్యాష్ సరిపోతుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ ప్లగిన్ చేసేది సగం పనే. మిగతా సగం వెనకున్న రెడిస్ (డేటాని ర్యామ్‌లో దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్ సెట్టింగుల్లో ఉంది. ప్లగిన్ వేసి, ఎనేబుల్ నొక్కి, పచ్చ గుర్తు కనబడగానే పని అయిపోయిందనుకున్న సైట్లే ఆ తర్వాత పండగ సీజన్లో మొరాయిస్తాయి.

ఇంతకీ ఇది చేసేదేమిటి

వర్డ్‌ప్రెస్ ఒక పేజీ తయారుచేయాలంటే సైటు పేరు, థీమ్ సెట్టింగులు, మెనూ, ప్రొడక్ట్ ధర, స్టాకు, యూజర్ వివరాలు అన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని అడిగి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకున్నవాటిని దాచుకునే ఆబ్జెక్ట్ క్యాష్ వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. కాకపోతే దాని ఆయుష్షు ఆ ఒక్క పేజీ తయారయ్యేదాకానే. పేజీ వెళ్లిపోగానే అంతా చెరిగిపోతుంది, తర్వాతి పేజీకి మళ్లీ మొదటినుంచి అడగాల్సిందే. ఈ ప్లగిన్ డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్లో ఆబ్జెక్ట్-క్యాష్ డాట్ పీహెచ్‌పీ అనే ఒక ఫైలు పెడుతుంది. దాన్ని డ్రాప్-ఇన్ అంటారు. అది ఉంటే వర్డ్‌ప్రెస్ తన సొంత క్యాష్‌ని పక్కనపెట్టి, ర్యామ్‌లో నడిచే రెడిస్‌లో దాచుకోవడం మొదలుపెడుతుంది. పేజీ అయిపోయినా డేటా ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్లకీ అదే అందుతుంది.

పేజీ క్యాష్‌కీ దీనికీ ఉన్న తేడా తెలియకే చాలామంది నిరాశ పడుతుంటారు. పేజీ క్యాష్ తయారైపోయిన పేజీని మొత్తంగా దాచి అందరికీ అదే చూపిస్తుంది. కార్ట్, చెకౌట్, మై అకౌంట్, అడ్మిన్ పేజీలు మనిషికొకటి కాబట్టి వాటిని అది ముట్టుకోకూడదు. ఆబ్జెక్ట్ క్యాష్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ తన విద్యార్థులకు పెట్టుకున్న లాగిన్ పోర్టల్ దీనికి మంచి ఉదాహరణ: ఆన్‌లైన్ టెస్టు రోజున వచ్చేవాళ్లంతా లాగిన్ అయ్యే వస్తారు, కాబట్టి పేజీ క్యాష్ ఒక్కరికీ అక్కరకు రాదు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు, రెండూ పెట్టుకోవచ్చు.

వేసే ముందు కొలవండి

వర్డ్‌ప్రెస్ 6.1 నుంచి అడ్మిన్‌లోని సైట్ హెల్త్ పేజీయే ‘మీకు పర్సిస్టెంట్ ఆబ్జెక్ట్ క్యాష్ అవసరం’ అని చెబుతోంది. పోస్టులు, కామెంట్లు, యూజర్లు, టర్మ్‌లు (కేటగిరీలు, ట్యాగులు), ఆప్షన్లు వీటిలో ఏదైనా ఒకటి 1,000 దాటినా, ప్రతి పేజీకీ లోడయ్యే ఆప్షన్లు 500 దాటినా, లేక వాటి సైజు లక్ష బైట్లు దాటినా ఆ సూచన వస్తుంది. మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌లో పలు సైట్లు) అయితే లెక్కలతో పని లేకుండానే వస్తుంది. అయితే ఆ గీత చాలా కిందికి గీశారు, వూకామర్స్ సైటు ఏదైనా ఇట్టే దాటేస్తుంది. దాన్ని చూసి మాత్రమే నిర్ణయం తీసుకోవద్దు.

క్వెరీ మానిటర్ అనే ఉచిత ప్లగిన్ వేసి, అడ్మిన్‌గా లాగిన్ అయ్యి, షాప్ పేజీ, కార్ట్, ఆర్డర్ల లిస్టు ఒక్కొక్కటీ తెరిచి రెండు అంకెలు రాసుకోండి: ఎన్ని క్వెరీలు (డేటాబేస్‌ని అడిగిన ప్రశ్నలు), వాటికి మొత్తం ఎంత సమయం. పేజీ తయారవడానికి రెండు సెకన్లు పడుతూ అందులో క్వెరీల వాటా 0.05 సెకనే ఉంటే, మీ జబ్బు డేటాబేస్‌లో లేదు. బరువైన పేజీ బిల్డరో, పేజీ తెరిచినప్పుడల్లా కొరియర్ కంపెనీ సర్వర్‌ని అడిగే షిప్పింగ్ ప్లగినో కారణమై ఉంటుంది. రెడిస్ దాన్ని ఏమీ చేయలేదు. వందల క్వెరీలు ఉండి, వాటికే అర సెకను, ఆ పైన పోతోందంటే మాత్రం ఈ ప్లగిన్ మీకోసమే.

బ్రౌజర్లో కొలిచేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించారు, సంతోషమే. కానీ ఇవాళ మన దుకాణం సైటు నడిచేది ముంబయి, బెంగళూరు, హైదరాబాదుల్లోనో, ఇంకా దూరాన సింగపూర్లోనో ఉన్న సర్వర్లో. మధురవాడలో కూర్చుని చూసే ‘సర్వర్ జవాబు కోసం ఆగిన సమయం’లో ఆ దారి ఖర్చు కూడా కలిసి ఉంటుంది. రెడిస్ తగ్గించేది సర్వర్ లోపలి సమయాన్ని మాత్రమే. అందుకే ముందూ వెనకా పోల్చేటప్పుడు క్వెరీ మానిటర్ చూపే పేజీ తయారీ సమయాన్నే నమ్మండి.

వేయడం

ఉబుంటు సర్వర్ మీద రెడిస్-సర్వర్, పీహెచ్‌పీ-రెడిస్ అనే రెండు ప్యాకేజీలు ఆప్ట్‌తో వేస్తే చాలు. రెండోదాని దగ్గరే చాలామంది తప్పుదోవ పడతారు. సర్వర్లో రెండు మూడు పీహెచ్‌పీ వెర్షన్లు ఉంటే, సైటు 8.2 మీద నడుస్తుంటే, పీహెచ్‌పీ8.2-రెడిస్ అని వెర్షన్ చెప్పి మరీ వేయాలి. లేకపోతే పీహెచ్‌పీని రెడిస్‌తో కలిపే ఈ ఎక్స్‌టెన్షన్ ఇంకో వెర్షన్‌కి వెళ్లి కూర్చుంటుంది. వేశాక పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం సర్వీసుని రీస్టార్ట్ చేయాలి. ఎక్స్‌టెన్షన్ దొరకకపోయినా ప్లగిన్ ఆగదు. తనతో తెచ్చుకున్న ప్రెడిస్ లైబ్రరీతో పని నడిపించేస్తుంది. అది పూర్తిగా పీహెచ్‌పీలో రాసినది, సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ కన్నా నెమ్మది. పైకి అంతా సవ్యంగానే కనబడుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ప్లగిన్ సెట్టింగ్స్‌లో డయాగ్నొస్టిక్స్ ట్యాబ్ తెరిచి క్లయింట్ దగ్గర పీహెచ్‌పీరెడిస్ అని ఉందో, ప్రెడిస్ అని ఉందో తప్పకుండా చూడండి.

ఎనేబుల్ నొక్కే ముందు పాత ట్రాన్సియెంట్లు తుడిచేయాలి. ట్రాన్సియెంట్లంటే ప్లగిన్లు కొంతకాలానికని దాచుకునే తాత్కాలిక డేటా. పర్సిస్టెంట్ క్యాష్ లేనప్పుడు అవి ఆప్షన్స్ టేబుల్లో పడి ఉంటాయి. క్యాష్ వచ్చాక కొత్తవి రెడిస్‌లోకి వెళ్తాయి, పాతవి టేబుల్లోనే దిక్కులేకుండా మిగిలిపోతాయి. డేటాబేస్ బ్యాకప్ తీసుకుని, వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూలు డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో ట్రాన్సియెంట్ డిలీట్ కమాండ్‌కి ‘ఆల్’ తగిలించి నడిపితే నిమిషంలో తేలిపోతుంది.

వర్డ్‌ప్రెస్ సెట్టింగుల ఫైలు డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో రాయాల్సిన డిఫైన్ లైన్లు ఎక్కడ రాస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఆ ఫైలు చివర్లో ‘ఇక్కడితో ఎడిటింగ్ ఆపండి’ అని ఇంగ్లీషులో ఒక కామెంటు ఉంటుంది. మీ లైన్లన్నీ దానికి పైన ఉండాలి. కింద రాస్తే వర్డ్‌ప్రెస్ అప్పటికే లోడైపోయి ఉంటుంది, మీ లైన్లకి విలువ ఉండదు. ప్లగిన్ మాత్రం డిఫాల్టుగా అదే సర్వర్లోని 6379 పోర్టుకి, డేటాబేస్ 0కి కనెక్టయి పచ్చగా ‘కనెక్టెడ్’ అని చూపిస్తుంది. మీరు పెట్టిన ప్రిఫిక్స్ (ఈ సైటు దాచేవాటి పేర్ల ముందు చేరే గుర్తు) పనిచేస్తోందనే భ్రమలో ఉంటారు. ప్రిఫిక్స్ కూడా డయాగ్నొస్టిక్స్‌లోనే కనబడుతుంది, అక్కడ సరిచూసుకోండి.

రెడిస్ ఎక్కడ ఉండాలి, ఎంత ర్యామ్ ఇవ్వాలి

రెడిస్ సైటున్న సర్వర్లోనే ఉండాలి. పెద్ద సైటైతే కనీసం అదే డేటా సెంటర్లో, ప్రైవేటు నెట్‌వర్క్ మీద ఉండాలి. ఉచితంగా దొరుకుతోందని ఎక్కడో దూరాన క్లౌడ్ రెడిస్ తీసుకోవడమంటే, జగదాంబ సెంటర్లో దుకాణం పెట్టి గోదాము గాజువాకలో ఉంచి, అడిగిన ప్రతి వస్తువుకీ మనిషిని పంపడమే. లెక్క వేసి చూడండి. ఒక పేజీ రెడిస్‌ని 300 సార్లు అడుగుతుందనుకుందాం. అదే సర్వర్లో ఒక్కోసారికి 0.1 మిల్లీసెకను పడితే మొత్తం 0.03 సెకను. 50 మిల్లీసెకన్ల దూరంలో ఉంటే మొత్తం 15 సెకన్లు! రెడిస్ పెట్టాక సైటు ఇంకా నెమ్మదించిందంటే ముందు చూడాల్సింది ఇదే. అదే సర్వర్లో ఉన్నప్పుడు పోర్టుకి బదులు యునిక్స్ సాకెట్ (ఒకే సర్వర్లోని ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకునే దారి) వాడితే ఇంకాస్త లాభం. దానికి రెడిస్ కాన్ఫిగ్‌లో సాకెట్ దారి, 770 పర్మిషన్ ఇచ్చి, వెబ్ సర్వర్ యూజర్‌ని రెడిస్ గ్రూపులో చేర్చాలి. గ్రూపులో చేర్చి పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంని రీస్టార్ట్ చేయడం మరిచిపోతే ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, మెమరీ. రెడిస్ డిఫాల్టుగా మ్యాక్స్‌మెమరీ 0తో వస్తుంది, అంటే 64 బిట్ సర్వర్లో హద్దే లేదు. 1 జీబీ వీపీఎస్‌లో అలా వదిలేస్తే రెడిస్ పెరిగి పెరిగి, ర్యామ్ చాలక, లినక్స్ కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. అక్కడ లావుగా ఉండేది చాలాసార్లు మైఎస్‌క్యూఎలే కాబట్టి వేటు దాని మీద పడుతుంది. దుకాణదారుకి కనబడేది ‘డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్’. తప్పు డేటాబేస్‌దనుకుని అందరూ అటే పరిగెడతారు. 1 జీబీ సర్వర్లో రెడిస్‌కి 64 ఎంబీ, 2 జీబీలో 128, 4 జీబీలో 256 ఎంబీతో మొదలుపెట్టమని మా సలహా. ఒక వారం నడిచాక రెడిస్-సీఎల్‌ఐలో ఇన్ఫో కమాండ్ ఇచ్చి, వాడిన మెమరీ, ఎవిక్టెడ్ కీస్ (చోటు చాలక రెడిస్ తీసేసిన కీలు; కీ అంటే దాచిన ఒక్కో ముక్కకి పెట్టిన పేరు) అనే రెండు అంకెలు చూడండి. రెండోది వేగంగా పెరుగుతుంటే ఇంకొంచెం ఇవ్వాలి.

హద్దు పెట్టగానే పని అయిపోదు, హద్దు నిండాక ఏం చేయాలో కూడా చెప్పాలి. మ్యాక్స్‌మెమరీ-పాలసీ డిఫాల్టుగా నోఎవిక్షన్. నిండగానే కొత్తగా ఏదీ రాయనివ్వదు, ఎర్రర్ ఇస్తుంది. చాలా గైడ్లలో కనబడే వోలటైల్-ఎల్‌ఆర్‌యూ కూడా వర్డ్‌ప్రెస్‌కి పనికిరాదు, కారణం ఇదీ: ఆ పాలసీ గడువు ఉన్న కీలను మాత్రమే తీసేస్తుంది. వర్డ్‌ప్రెస్ దాచేవాటిలో ఎక్కువభాగం గడువు లేనివే. తీసేయడానికి గడువున్నవి అయిపోగానే అది కూడా నోఎవిక్షన్ లాగే చేతులెత్తేస్తుంది. ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూ పెట్టండి, చాలాకాలంగా ఎవరూ అడగనివాటిని అదే తీసేసుకుంటుంది. అదే రెడిస్‌లో ఇంకో అప్లికేషన్ తన లాగిన్ సెషన్లనో, పనుల క్యూనో దాచుకుంటుంటే మాత్రం ఈ పాలసీ వాటిని కూడా తీసేస్తుంది. అలాంటప్పుడు క్యాష్‌కి వేరే రెడిస్ నడపాలి.

దీనితోపాటు దాచినవాటికి గరిష్ఠ గడువు పెట్టే డబ్ల్యూపీ_రెడిస్_మ్యాక్స్‌టీటీఎల్‌ని 86,400 సెకన్లకు, అంటే ఒక రోజుకు పెట్టండి. వర్డ్‌ప్రెస్ 6.1 నుంచి పోస్టుల క్వెరీ ఫలితాలు కూడా క్యాష్‌లోకి వెళ్తున్నాయి. ఒక ప్రొడక్ట్ మారినప్పుడల్లా కొత్త పేరుతో కొత్త కీలు పుట్టి, పాతవి ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయేవి. 6.9లో ఈ పద్ధతి మార్చారు కానీ, పాత వెర్షన్ల మీద ఉన్న సైట్లకు ఈ ఒక్క లైను ఎంతో మేలు చేస్తుంది.

డిస్కు మీదకి స్నాప్‌షాట్ రాసే ‘సేవ్’ని కూడా ఆపేయండి. ఇది క్యాష్, పోతే మళ్లీ తయారవుతుంది. ఆపకపోతే ఏమవుతుందంటే, బ్యాకప్‌లతో డిస్కు నిండిపోయిన రోజున రెడిస్ స్నాప్‌షాట్ రాయలేక, డిఫాల్టు సెట్టింగు ప్రకారం రాతలన్నీ ఆపేసి మిస్‌కాన్ఫ్ ఎర్రర్ ఇస్తుంది. రెడిస్ సైటున్న సర్వర్లోనే ఉంటే, అది ఏ చిరునామా మీద వినాలో చెప్పే ‘బైండ్’ 127.0.0.1గానే, అంటే ఆ సర్వర్ వరకే ఉండాలి. 6379 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన రెడిస్ సర్వర్లను వెతికి పట్టుకుని, క్రిప్టో మైనింగ్ ప్రోగ్రాములు దించేసే దాడులు ఎప్పటినుంచో ఉన్నవే.

ఒకే సర్వర్, రెండు సైట్లు

ఒకే వీపీఎస్‌లో నలుగురు కస్టమర్ల సైట్లు పెట్టే డిజైనర్లు విశాఖలో తక్కువేం కాదు. ఈ ప్లగిన్‌తో వచ్చే తప్పుల్లో అన్నిటికన్నా భయపెట్టేది వాళ్లకే ఎదురవుతుంది. కాఫీ సైటూ బొమ్మల సైటూ రెండింటికీ టేబుల్ ప్రిఫిక్స్ డబ్ల్యూపీ_ అనే ఉంటుంది. రెండూ రెడిస్ డేటాబేస్ 0నే వాడుతూ, క్యాష్ ప్రిఫిక్స్ పెట్టకపోతే, సైటు చిరునామాతో సహా ముఖ్యమైన ఆప్షన్లన్నీ ఉండే ఆల్‌ఆప్షన్స్ కీ రెండు సైట్లకీ ఒకటే పేరు. ఎవరు ముందు రాస్తే రెండోవాళ్లు అదే చదువుతారు. కాఫీ సైటు తెరిస్తే బొమ్మల సైటుకి రీడైరెక్ట్ అవుతుంది. సైటు హ్యాకైందని గాభరా పడి, పాత బ్యాకప్ రీస్టోర్ చేసి, ఆరోజు ఆర్డర్లు పోగొట్టుకున్నా ఆ రీడైరెక్ట్ పోదు. ఎందుకంటే డేటాబేస్‌లో అసలు తప్పే లేదు.

కాబట్టి ప్రతి సైటుకీ డబ్ల్యూపీ_రెడిస్_ప్రిఫిక్స్ వేరుగా, డబ్ల్యూపీ_రెడిస్_డేటాబేస్ నంబరు వేరుగా ఇవ్వండి. రెడిస్‌లో డిఫాల్టుగా 0 నుంచి 15 దాకా 16 డేటాబేస్‌లు ఉంటాయి. రెండూ ఎందుకంటే, ఫ్లష్ క్యాష్ నొక్కితే ఈ ప్లగిన్ మామూలుగా ఆ నంబరు డేటాబేస్ మొత్తాన్నీ ఊడ్చేస్తుంది, పక్క సైటు ప్రిఫిక్స్ వేరైనా చూడదు. సెలెక్టివ్ ఫ్లష్ అనే ఆప్షన్‌తో తన ప్రిఫిక్స్ వరకే తుడవమని చెప్పొచ్చు కానీ, కీలు వెతికి వెతికి తుడవాలి కాబట్టి అది నెమ్మది. స్టేజింగ్ (ప్రయోగాలకు పెట్టుకునే నకలు సైటు) కాపీ తీసేటప్పుడూ ఇదే ప్రమాదం. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అలాగే కాపీ అవుతుంది, పాత ప్రిఫిక్స్ దానితోపాటే వస్తుంది. స్టేజింగ్‌లో చేసిన ప్రయోగం లైవ్ సైటు మీద కనబడిందంటే ముందు ఆ లైను చూడండి.

ధర మార్చాం, సైటు మారలేదు

రెండో పెద్ద తలనొప్పి స్టాకు, ధరల విషయంలో. దుకాణంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దాన్నుంచి రాత్రిపూట ఒక స్క్రిప్టు నేరుగా మైఎస్‌క్యూఎల్‌లోకి కొత్త ధరలు రాస్తుంది. రెడిస్ లేనంతకాలం ఆ పద్ధతి నడిచిపోయింది. ఇప్పుడు పావుకిలో కాఫీ ప్యాకెట్ ధర టేబుల్లో 380 అని ఉంటుంది, సైటు మాత్రం 350 అనే చూపిస్తుంది. ఎందుకంటే ధర మారిందని వర్డ్‌ప్రెస్‌కి ఎవరూ చెప్పలేదు. అడ్మిన్ పేజీ నుంచి మారిస్తే వర్డ్‌ప్రెస్ తనే ఆ కీని తీసేస్తుంది, పక్కదారిన నేరుగా రాస్తే దానికి తెలిసే వీలు లేదు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో కూర్చుని చేత్తో మార్చినా ఇదే జరుగుతుంది.

సరైన దారి ఏమిటంటే, స్క్రిప్టుని వూకామర్స్ రెస్ట్ ఏపీఐ (బయటి ప్రోగ్రాములు వూకామర్స్‌తో మాట్లాడే దారి) ద్వారా రాసేలా మార్చడం. అది కుదరకపోతే, మార్చిన ప్రతి ప్రొడక్ట్ ఐడీకీ క్లీన్_పోస్ట్_క్యాష్ ఫంక్షన్ పిలిపించండి. అదీ కుదరకపోతే స్క్రిప్టు చివర ఒక్కసారి క్యాష్ మొత్తం ఫ్లష్ చేయించండి, రాత్రి రెండు గంటలకైతే నష్టం తక్కువ.

పగటిపూట మాత్రం ఫ్లష్ బటన్‌ని మంత్రంలా వాడొద్దు. దసరా బొమ్మల కొలువు ముందు రోజుల్లో బొమ్మల సైటుకి జనం పోటెత్తుతున్నప్పుడు ఫ్లష్ కొడితే, అప్పటిదాకా రెడిస్ మోస్తున్న భారమంతా ఒక్కసారిగా మైఎస్‌క్యూఎల్ నెత్తిన పడుతుంది. ఇంకోటి, ఓటీపీతో లాగిన్ పెట్టే కొన్ని ప్లగిన్లు ఆ ఓటీపీని ట్రాన్సియెంట్‌లోనే దాస్తాయి. ట్రాన్సియెంట్లు ఇప్పుడు రెడిస్‌లో ఉన్నాయి కదా, మీరు ఫ్లష్ కొట్టిన క్షణాన ఫోను చేతిలో పట్టుకుని ఓటీపీ టైపు చేస్తున్న కస్టమర్‌కి ‘తప్పు ఓటీపీ’ అని వస్తుంది. వర్డ్‌ప్రెస్‌నో పెద్ద ప్లగిన్‌నో అప్‌డేట్ చేశాక ఒకసారి ఫ్లష్ చేయడం సబబే. రోజూ చేయాల్సి వస్తోందంటే వేరే ఎక్కడో తప్పుంది.

ఆటోలోడ్ ఆప్షన్ల, అంటే ప్రతి పేజీకీ లోడయ్యే ఆప్షన్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆల్‌ఆప్షన్స్ అనేది ఒకే కీ, ప్రతి పేజీకీ దాన్ని మొత్తంగా రెడిస్ నుంచి తెచ్చి విప్పాలి. ఎప్పుడో తీసేసిన ప్లగిన్ల చెత్తతో అది 2 ఎంబీ అయి ఉంటే, రెడిస్ ఎంత వేగంగా ఇచ్చినా పీహెచ్‌పీ దాన్ని విప్పుకోవడానికే ఆయాసపడుతుంది. సైట్ హెల్త్ ఇప్పుడు 800 కేబీ దాటితే హెచ్చరిస్తోంది. దాన్ని శుభ్రం చేయకుండా రెడిస్ పెట్టి ఉపయోగం సగమే.

ప్లగిన్ మీద మా ఫిర్యాదులు

పెయిడ్ వెర్షన్ ఆబ్జెక్ట్ క్యాష్ ప్రో ప్రకటనలు డాష్‌బోర్డులో చికాకు పెడతాయి. డబ్ల్యూపీ_రెడిస్_డిజేబుల్_బ్యానర్స్ అనే లైనుతో ఆపొచ్చు, కానీ అలాంటిది ఉందని చాలామందికి తెలియదు. ప్లగిన్ అప్‌డేట్ అయినప్పుడు డ్రాప్-ఇన్ ఫైలు పాతదే మిగిలి, ‘అప్‌డేట్ చేయండి’ అని నోటీసు రావడం కూడా ఉంది. దాన్ని నెలల తరబడి పట్టించుకోని సైట్లు ఉంటాయి. మెట్రిక్స్ ట్యాబ్ చూడముచ్చటగా ఉంటుంది కానీ హిట్ రేషియో (అడిగినవాటిలో క్యాష్‌లో దొరికినవి) 98 శాతం ఉన్నంత మాత్రాన సైటు వేగంగా ఉందని కాదు. ఒకే కీని వంద సార్లు అడిగే చెత్త కోడ్ కూడా ఆ శాతాన్ని పెంచుతుంది.

రెడిస్ పడిపోతే ఏమవుతుందన్నది ఇంకా గంభీరమైన విషయం. ఇప్పటి వెర్షన్లలో డిఫాల్టుగా సైటు ఆగిపోయి, రెడిస్ కనెక్షన్ ఎర్రర్ పేజీ చూపిస్తుంది. ‘రెడిస్ లేకపోయినా సైటు నడిచిపోవాలి కదా’ అని డబ్ల్యూపీ_రెడిస్_గ్రేస్‌ఫుల్‌ని ఆన్ చేయాలనిపిస్తుంది. వద్దు. మధ్యలో రెడిస్ ఉండి లేనట్టు ఊగిసలాడితే కొన్ని మార్పులు క్యాష్‌లో పడి కొన్ని పడక, ఆప్షన్లు కలగాపులగం అయ్యే ప్రమాదం ఉందని ప్లగిన్ రచయితలే హెచ్చరించారు. ఆర్డర్లు, డబ్బు తిరిగే సైటులో తప్పుడు డేటా కన్నా ఐదు నిమిషాలు ఆగిన సైటే నయం. అందుకని లినక్స్ సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో రెడిస్ దానంతటదే మళ్లీ లేచేలా పెట్టుకోండి. అత్యవసరమైతే డబ్ల్యూపీ_రెడిస్_డిజేబుల్డ్ లైను చేర్చి, ఆ తర్వాత తీరిగ్గా వెతకండి.

ప్రో వెర్షన్ గురించి ఒక్క మాట. క్యాష్‌ని కుదించి దాచడం, పేజీకి కావాల్సిన కీలన్నీ ముందే ఒకేసారి తెచ్చుకోవడం లాంటివి అందులో ఉన్నాయి, నిజంగా మంచి సరుకు. కానీ అది నెలనెలా డాలర్లలో కట్టాల్సినది. రోజుకి వంద ఆర్డర్ల దుకాణానికి ఆ డబ్బుతో సర్వర్ ర్యామ్ పెంచుకోవడం మేలు.

షేర్డ్ హోస్టింగ్ అయితే

ముందు హోస్టింగ్ వాళ్లనే అడగండి: ‘రెడిస్ ఉందా, ఉంటే నా అకౌంటుకి విడిగా ఉందా, అందరికీ ఒకటేనా?’ అందరికీ ఒకటే, పాస్‌వర్డ్ కూడా లేదంటే వద్దనేయండి. పక్క అకౌంటు వాళ్లు మీ క్యాష్ చదవగలరు. లైట్‌స్పీడ్ వెబ్ సర్వర్ ఉన్నచోట లైట్‌స్పీడ్ క్యాష్ ప్లగిన్‌లోనే రెడిస్, దానిలాగే ర్యామ్‌లో దాచే మెమ్‌క్యాష్‌డి రెండింటికీ ఆప్షన్ ఉంది, అలాంటప్పుడు ఈ ప్లగిన్ అక్కర్లేదు. డ్రాప్-ఇన్ ఫైలు ఒక్కటే ఉండగలదు కాబట్టి రెండూ వేస్తే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. మెమ్‌క్యాష్‌డి తీసుకుంటే ఒక్కో ఐటమ్‌కి డిఫాల్టు హద్దు 1 ఎంబీ అని గుర్తుంచుకోండి. లావెక్కిన ఆల్‌ఆప్షన్స్ అందులో పట్టకపోవచ్చు. రెండూ లేకపోతే ఎస్‌క్యూలైట్ ఆబ్జెక్ట్ క్యాష్ అనే ప్లగిన్ చూడొచ్చు. ఫైళ్లలో దాచే ఆబ్జెక్ట్ క్యాష్ మాత్రం డిస్కు నెమ్మదిగా ఉండే షేర్డ్ సర్వర్లో వేయకండి, వేల చిన్న ఫైళ్లు చదవడం మైఎస్‌క్యూఎల్‌ని అడగడం కన్నా ఎక్కువ సమయం తినొచ్చు.

రెడిస్ లైసెన్సు 2024 మార్చిలో మారాక దాన్నుంచి పుట్టిన వాల్కీ కూడా ఈ ప్లగిన్‌తో పనిచేస్తుంది, సెట్టింగులు కూడా ఇవే. మీ సర్వర్లో వాల్కీ ఉంటే రెడిస్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

హోస్టింగ్ మారేటప్పుడు పాటించాల్సిన వరుస ఇది. ముందు ప్లగిన్ పేజీలోనే డిజేబుల్ నొక్కండి, సర్వర్ ఫైళ్లు చూపే ఎఫ్‌టీపీలో చూసి డబ్ల్యూపీ-కంటెంట్‌లో ఆబ్జెక్ట్-క్యాష్ డాట్ పీహెచ్‌పీ పోయిందని ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే బ్యాకప్ తీయండి. ప్లగిన్ ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేస్తే డ్రాప్-ఇన్ అలాగే ఉండిపోతుంది. రెడిస్ లేని కొత్త హోస్టులో దాంతో రీస్టోర్ చేస్తే సైటు గానీ అడ్మిన్ గానీ తెరుచుకోవు. అప్పటికే అలా ఇరుక్కుని ఉంటే ఎఫ్‌టీపీలోనో ఫైల్ మేనేజర్లోనో ఆ ఒక్క ఫైలు తీసేయండి, సైటు లేస్తుంది. కొత్త చోట రెడిస్ వేసి, మెమరీ హద్దు, పాలసీ పెట్టి, కొత్త ప్రిఫిక్స్ రాసి, చివర్లో ఎనేబుల్ నొక్కండి.